పసుపుపచ్చ కారుకు పోశం చేసిన ప్రదక్షిణ

గొప్ప అలవాట్ల పుట్టినరోజులు ఎవరూ రాసిపెట్టకపోవడం చరిత్రకు పట్టిన దౌర్భాగ్యం. వేడి టీని సాసరులో పోసుకొని ఊదిన మొదటి మహానుభావుడు ఎవరో ఏ శాసనమూ చెప్పదు. ఈ విషయంలో చంద్రపూర్ పట్టణం, బాబుపేట్ వాస్తవ్యుడు పోశం అదృష్టవంతుడు. ఆయన అలవాటుకు తేదీ ఉంది, వారం ఉంది, సాక్షులున్నారు. 1994 జూన్ 13, సోమవారం, మొదటి షిఫ్టు. బొగ్గు గనిలో డంపర్ ఆపరేటరుగా చేరిన మొదటి రోజున ఆయన ఉస్తాద్, "ఎక్కేముందు బండి సుట్టు ఒక్కసారి తిరుగు" అన్నాడు. పోశం తిరిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా తిరుగుతూనే ఉన్నాడు. ఒక్క పూట కూడా తప్పలేదని గనిలో ప్రతీతి.

డంపర్ అంటే, పైనుంచి గుంతలా తవ్వే ఓపెన్ కాస్ట్ గనిలో బొగ్గూ మట్టీ మోసే పసుపుపచ్చ బండి. దాని టైరే మనిషి కంటే ఎత్తు. లోపలికి పోవాలంటే నిచ్చెన ఎక్కాలి. ఎక్కి కూర్చున్నవాడికి సగం జిల్లా కనిపిస్తుంది గాని, తన బండి ముక్కు కింద నిలబడ్డ మనిషి కనిపించడు. అందుకని ఈ ప్రదక్షిణ. టైర్లు తట్టి చూడాలి, కింద నూనె కారిందేమో వంగి చూడాలి, నీడకని ఎవడైనా పడుకున్నాడేమో మరీ వంగి చూడాలి. ఆ తర్వాత ఎక్కి హారన్ కొట్టాలి, ముందుకైతే రెండు, వెనక్కైతే మూడు. గనిలోకి వచ్చే చిన్న బండ్లకేమో పొడుగాటి కర్ర కట్టి, కొసన ఎర్రజెండా పెట్టాలి. పైనున్నవాడికి బండి కనిపించకపోయినా జెండా కనిపిస్తుంది.

అలవాటు గని గేటు దగ్గర ఆగి ఉంటే దానికి ఇంత చరిత్ర వచ్చేది కాదు. అది పోశంతో పాటు ఊళ్ళోకి వచ్చింది. ఆయన ఆటో ఎక్కేముందు ఆటో చుట్టూ తిరుగుతాడు. బస్టాండులో ఎర్రబస్సు చుట్టూ తిరుగుతుంటే కండక్టరు "చలా కాకా, లవకర్ బసా" అని, తొందరగా ఎక్కి కూర్చోమని మరాఠీలో మొత్తుకుంటాడు. తోటి ఆపరేటర్ గట్టయ్య చనిపోయినప్పుడు జరిగింది మరీ విశేషం. శవాన్ని తీసుకుపోయే స్వర్గరథం రాగానే పోశం దాని చుట్టూ నడిచాడు, టైర్లు తట్టాడు. ఇదేదో మన వాళ్ళ ఆచారం కాబోలనుకొని పదకొండు మంది ఆయన వెనకాలే నడిచారు, వాళ్ళూ టైర్లు తట్టారు. ఇప్పుడు ఆ వాడకట్టులో ఎవరు పోయినా స్వర్గరథం టైర్లు తట్టకుండా కదలనివ్వరు.

ఇంత జాగ్రత్తపరుడికి ఒక రహస్యమైన కోరిక ఉండేది. గనిలో డంపరు వేగం గంటకు పాతిక కిలోమీటర్లకు మించకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన భూగోళాన్ని చాలాసార్లు చుట్టి రాదగినంత దూరం నడిపాడు, అంతా ఒకే గుంతలో. రిటైర్మెంటు ఇంకా మూడు నెలలుందనగా, ఇకనైనా ఒకసారి నేలకు ఆనుకొని ఉండే బండిలో కూర్చొని, గాలి చప్పుడు వినేంత వేగంగా పోవాలని ఆయనకు అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. అరవై ఏళ్ళవాడు చెప్పుకునే కోరిక కాదది.

అప్పుడు కనిపించింది కారు. బల్లార్షా రోడ్డు మీద రాకేష్ అనే కుర్రాడు పాత కార్లు అమ్ముతాడు. తెల్లజీపుల వరసలో, పెళ్ళి గుంపులో తప్పిపోయిన పులివేషగాడిలా, రెండు తలుపులది, రెండే సీట్లది, పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు. ఎత్తు పోశం నడుముదాకా కూడా లేదు. స్పీడు ముల్లు కోసం వేసిన అంకెలు రెండువందల అరవై దాకా ఉన్నాయి. ఏడాదిగా ఎవరూ కొనక, దాని ధర మామూలు సంసారుల కారు ధరకు దిగింది.

"రా కాకా, రా! నీ అసొంటోళ్ళ కోసమే ఆపిన గీ బండిని" అన్నాడు రాకేష్.

"నా అసొంటోళ్ళంటే?"

"అంటే... టేస్టు ఉన్నోళ్ళు."

పోశం తిరగడం మొదలుపెట్టాడు. వేలి కణుపులతో రేకు మీద తడుతూ నడిచాడు. ఎడమ తలుపు టంగ్ మంది. వెనక డిక్కీ టంగ్ మంది. కుడి తలుపు టంగ్ మంది. కుడి ముందు చక్రం పైరేకు దగ్గరికి వచ్చేసరికి, దోసెపిండి గిన్నెను తట్టినట్టు, రేకు ఏమీ అనలేదు.

"గిదేంది, మోగుతలేదు?"

"గదా... ఎన్కటి ఓనరు గోడకు తాకిచ్చిండట కాకా. చిన్న దెబ్బ. లప్పం వెట్టి నింపిండ్రు."

"గోడ బతికిందా?"

రాకేష్ నవ్వాడు. ఆ నవ్వు పోశంకు నచ్చలేదు. కారు మాత్రం నచ్చింది. అదే చిక్కు.

ఇంటికి వచ్చి భార్య సత్తమ్మకు చెప్పాడు. ఆమె బియ్యం చెరుగుతోంది.

"ఏం రంగు?"

"పచ్చది."

"ముప్పై ఏండ్లు పచ్చ బండే నడిపినవ్. మల్ల పచ్చదే గావాల్నా నీకు?"

"గది పెద్దది. గిది చిన్నది."

"మనిషి ముసలోడైతే బొమ్మలు గూడ చిన్నగయితయేమో."

ఎగతాళి అయ్యాక, దెబ్బ సంగతి వినగానే ఆమె చేట కింద పెట్టింది. సత్తమ్మ పుట్టిపెరిగింది మాజ్రి గని క్వార్టర్లలో. ఆమె చిన్నప్పుడు అక్కడి వర్క్‌షాపు వెనక ఒక నలిగిన జీపు ఉండేది. అందులో ఇద్దరు పోయారు. ఏళ్ళ తరబడి దాన్ని ఎవరూ తీయలేదు. బడికి పోయే పిల్లలను తల్లులు ఆ వైపు చూడకుండా రోడ్డు దాటించి తీసుకుపోయేవాళ్ళు. ఆ జీపు సీటు మీద ఒక ఆడమనిషి చెప్పు ఒంటిగా చాన్నాళ్ళు పడి ఉండడం సత్తమ్మకు ఇప్పటికీ గుర్తు.

"సూడు ప్రతిభ నాయినా," అంది, కూతురి పేరుతో పిలిచి, నెమ్మదిగా. "నువ్వు పచ్చదన్న కొను, నీలపుదన్న కొను. నేను అడ్డం రాను. కని దాంట్ల ఒక్క పానం పోయిందని తెలిస్తె, గా బండి మన వాకిట్లకు రావద్దు. వస్తె నేను మా తమ్మునింటికి పోత."

ఆమె పుట్టింటికి పోతానని బెదిరించడం ముప్పై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. పోశంకు విషయం ఎంత లోతుగా ఉందో తెలిసింది. కారు వదిలేద్దామనుకున్నాడు. మర్నాడు డ్యూటీలో పాతిక వేగంతో పన్నెండు ట్రిప్పులు తిప్పాక, వదలలేననుకున్నాడు.

కూతురు ప్రతిభ ఊళ్ళో ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు ఆఫీసులో పనిచేస్తుంది. రాకేష్ దగ్గర కారు కాగితాల నకలు తీసుకొని, నాలుగు రోజుల్లో సంగతి పట్టుకొచ్చింది.

"బాపూ, గోడ లేదు, గీడ లేదు. అపఘాత్ అయింది గనిల. మాజ్రి అవతల ఏదో ఓపెన్ కాస్ట్ అట. కాంట్రాక్టర్ కొడుకు కారు. డంపర్ ఎక్కింది దాని మీద."

"డంపరా?" పోశం లేచి నిలబడ్డాడు.

"క్లెయిముల బండికి ఏమైందో రాసిండ్రు గని, మనుషులకు ఏమైందో గీ కాగితంల లేదు. ఆపరేటర్ పేరుంది. సీతారాం."

పోశం మళ్ళీ కూర్చున్నాడు. సీతారాం ఆయన శిష్యుడు. పదిహేనేళ్ళ కింద పక్కన కూర్చోబెట్టుకొని నేర్పించాడు, తర్వాత అతన్ని వేరే గనికి మార్చారు. మారినా ప్రతి దసరాకు భద్రావతి నుంచి జమ్మి ఆకు పట్టుకొని వచ్చి చేతిలో పెట్టి కాళ్ళు మొక్కేవాడు. రెండు దసరాలుగా రావడం లేదు. పిల్లల చదువులు, షిఫ్టులు, ఏవో ఉంటాయిలే అని పోశం సరిపెట్టుకున్నాడు. కాగితం మీద తేదీ చూశాడు. ప్రమాదం జరిగి రెండేళ్ళ నాలుగు నెలలు.

ఆదివారం పొద్దున భార్యాభర్తలు భద్రావతి బస్సెక్కారు, ఒకరు తిన్నగా, ఒకరు తిరిగి.

సీతారాం తలుపు తీసి ఇద్దరినీ చూసి, సంతోషించాలో ఇంకేదైనా చెయ్యాలో తెలియని ముఖం పెట్టాడు. కుర్చీలు తుడిచాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. టీ వచ్చింది.

"తమ్మీ, ఒక పచ్చ కారు," అన్నాడు పోశం.

సీతారాం చేతిలో గ్లాసు నోటిదాకా పోకుండా ఆగింది. "గది మీకెట్ల ఎర్కయింది అన్నా?"

"కొందామనుకుంటున్న."

"గా కారునా?" సీతారాం ఆయన వైపు, పిచ్చి పట్టిన పెద్దమనిషిని చూసినట్టు మర్యాదగా చూశాడు.

సత్తమ్మ ముందుకు జరిగింది. "నాకొక్కటే జెప్పు సీతారామూ. దాంట్ల ఎవలన్న ఉంటిరా?"

"లేరు వదినె. ఎవలు లేరు. గా పోరడు దోస్తులను ఏసుకొని బొగ్గు గుట్టమీద ఫొటోలు దిగుతుండె. కారు తెచ్చి నా బండి ముంగట్నే వెట్టిండు. జెండ లేదు, ఏం లేదు. గది నా టైరుల సగం గూడ లేకపాయె. నేను ఎక్కిన, రెండు హారన్లు గొట్టిన, కదిలిచ్చిన. అప్పడం ఇరిగినట్టు ఇనవడ్డది. అవుతల నుంచి ఎవడో ఒర్లిండు. బ్రేకు గొట్టిన."

"మరి?"

"దిగుతుంటె నిచ్చెన మెట్లు కండ్లకు ఆనలె. ఉరికి తలుపు గుంజిన. సీటు మీద పల్లీల పొట్లం ఉన్నది. సగం తిన్నది. గంతే. గా పల్లీలు సూసి నేను ఏడ్సిన వదినె. అందరు నవ్విండ్రు. కారుకు ఏడ్వవట్టె వీడు అనుకున్నరు."

సత్తమ్మ కళ్ళు మూసుకొని ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆమె వరకు కేసు కొట్టేసినట్టే. పోశం మాత్రం గ్లాసు కింద పెట్టి, ఇంకొక ప్రశ్న మిగిలినట్టు కూర్చున్నాడు.

"సుట్టు తిరిగినవా?"



"ఎంక్వైరీల తిరిగిన అని రాసిచ్చిన అన్నా. తప్పంత జెండ లేని కారుది అని తేల్చిండ్రు."

"ఎంక్వైరీ సంగతి అడుగుత లేను."

సీతారాం నేల వైపు చూశాడు. "తిరగలె. పొద్దుగాల నుంచి ఆరుసార్లు తిరిగిన. ఏడోసారి ఏముంటది తియ్యి అనుకున్న. నీ మొకం ఎట్ల సూడాలె అన్నా? జమ్మి ఆకు వట్టుకొని రెండుసార్లు బస్టాండు దాక వచ్చిన. మర్లి పోయిన."

ఇలాంటి సమయంలో గురువులు చెప్పవలసిన మాటలు చాలా ఉన్నాయి. పోశం వాటిలో ఏదీ చెప్పలేదు. భార్య కూడా ఎన్నడూ వినని మాట ఒకటి చెప్పాడు.

"2003ల నేను గూడ ఒకనాడు తిరగలె."

"నువ్వా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఆన కొడుతుండె. తడుస్తనని ఉరికి ఎక్కిన. ఆనాడు నా బండి ముంగట ఎవలు లేకుండిరి. నీ ముంగట కారుండె. గంతే ఫరక్."

ముప్పై ఒక్క ఏళ్ళ ప్రతీతి అలా ఒక ఆదివారం పొద్దున, భద్రావతిలో, టీ చల్లారేలోపల ముగిసింది. చిత్రమేమంటే దాని వల్ల పోశం చిన్నవాడైనట్టు ఆ గదిలో ఎవరికీ అనిపించలేదు. సీతారాం కళ్ళు తుడుచుకున్నాడు.

"నువ్వు ఒక పని జెయ్యి," అన్నాడు పోశం. "కొత్త పోరగాండ్లు వస్తరు గదా నేర్సుకోనీకి. వాళ్ళకు గీ ముచ్చట జెప్పు. వేరెవనిదో అన్నట్టు గాదు, నీదే అని జెప్పు."

"రెండు దసరలు గిందుకా రానిది?" అంది సత్తమ్మ, ఇప్పుడు కోపం తెచ్చుకోవడానికి తీరిక దొరికి. "మేమేం జేసినమో అని ఒక్కొక్క మాట మతికి తెచ్చుకొని సచ్చిన నేను!"

ప్రాణం సంగతి తేలింది. ఇక మిగిలింది కారు ఒళ్ళు. డంపరు కాలు పెట్టిన బండి లోపల చట్రం వంగిందా లేదా? వంగితే ఆ బండి మనిషి చెప్పిన దారిన పోదు, తన దారిన పోతుంది. రెండువందల అరవై అంకెలున్న బండికి అది మంచిది కాదు.

మరుసటి ఆదివారం రాకేష్ దుకాణం ముందు సిమెంటు నేల ఊడ్పించారు. సీతారాం, ప్రతిభ కూడా వచ్చారు. గనిలో జీపులకు చేసే పరీక్షే, ఖర్చు లేనిది. నాలుగు టైర్లూ తడిపి, స్టీరింగు కదపకుండా కారును తిన్నగా నడిపించాలి. ముందు టైరు తడి అచ్చులోనే వెనక టైరు అచ్చు పడుతుందా, పక్కకు జరుగుతుందా అని కొలవాలి. బకెట్లతో నీళ్ళు పోసింది సత్తమ్మ. నడిపింది సీతారాం. తన బండి కింద నలిగినదాన్ని తానే నడపడం అతనికి ఎలా ఉందో ఎవరూ అడగలేదు. ఎక్కేముందు మాత్రం దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"కాకా, గిరాకులు సూస్తున్నరు. బండిని బర్రె లెక్క కడుగుతున్నరేందని అడుగుతున్నరు" అని రాకేష్ మొత్తుకున్నాడు.

"బర్రెను కొనేటప్పుడు పండ్లు సూడరా?" అంది సత్తమ్మ.

కారు కదిలింది. ఎండకు అచ్చులు ఆరేలోపలే పోశం మోకాళ్ళ మీద కూర్చొని, వేళ్ళతో కొలిచాడు. ఎడమవైపు అచ్చు మీద అచ్చు. కుడివైపు వెనక టైరు ఒక వేలెడు పక్కకు పోయింది. మళ్ళీ తడిపి చూశారు. మళ్ళీ వేలెడే.

పోశం లేవబోయి, నడుం పట్టుకొని, ఎప్పటిలా కుడివైపుకు ఒరిగి నిలబడ్డాడు. డంపరు సీటు ఇచ్చిన బహుమానం అది. ముఖం వాడిపోయింది.

"ఒంకర ఉన్నది" అన్నాడు. "వద్దు తియ్యి. పోదాం."

ఎవరూ కదలలేదు. సత్తమ్మ ఖాళీ బకెట్ పట్టుకొని, ఒకసారి నేల మీది అచ్చులను, ఒకసారి ఒరిగి నిలబడ్డ మొగుణ్ణి చూసింది.

"ఎంత ఒంకర?"

"వేలెడు."

"నువ్వు జానెడున్నవ్. నిన్ను ఏలుకుంట లేనా?"

సీతారాం మొహం తిప్పుకున్నాడు. రాకేష్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూసి సత్తమ్మ అటు తిరిగింది. "నువ్వు నవ్వకు బిడ్డా. మా ఇంటాయన నడుము సక్కగ గాదు, కని గీ బండిది అయితది గదా? ఎక్కడ జేస్తరు?"

"నాగపూర్ల చట్రం గుంజే మిషిని ఉంటది వదినె" అన్నాడు సీతారాం.

"అయితె పంపు. నీ ఖర్సుతోని. గోడ అని అబద్ధమాడినందుకు."

రాకేష్ కాసేపు తన వ్యాపారం గురించి, తన పిల్లల భవిష్యత్తు గురించి మాట్లాడాడు. అతనికి ఇంకా పెళ్ళి కాలేదని ప్రతిభ గుర్తు చేసింది. కారు నాగపూర్ పోయింది.

పన్నెండు రోజులకు తిరిగి వచ్చింది. మళ్ళీ నేల ఊడ్చారు, మళ్ళీ నీళ్ళు పోశారు. పోశం ఈసారి కళ్ళద్దాలు పెట్టుకొని కొలిచాడు. అచ్చు మీద అచ్చు పడింది, రెండువైపులా. ఆయన లేచి నిలబడడానికి కొంచెం ఎక్కువ సేపు పట్టింది. నడుం వల్ల అన్నాడు.

రిటైరైన మర్నాడు, ఆదివారం, సరిగ్గా ఉదయం పది గంటలకు, బాబుపేట్‌లోని ఆయన ఇంటి ముందు ఒక మహత్తర ఘట్టం ఆవిష్కృతమైంది. వాడకట్టు వాడకట్టంతా వచ్చింది. కారుకు బొట్టు పెట్టారు, నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. సీతారాం భద్రావతి నుంచి రెండు దసరాల బాకీ కింద పన్నెండడుగుల కర్రకు కట్టిన ఎర్రజెండా తెచ్చి, ఆ స్పోర్ట్స్ కారు వెనక బిగించాడు. ఇంజనీర్లు గాలిని కోసుకుపోవాలని ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి మలిచిన ఆ రూపం మీద జెండా రెపరెపలాడింది. తీసెయ్యమని అనడానికి ప్రతిభ నోరు తెరిచింది. బాపు ముఖం చూసి మూసుకుంది.

పోశం ప్రదక్షిణ ప్రారంభించాడు. వెనకాల సత్తమ్మ, ఆమె వెనక సీతారాం, వాళ్ళ వెనక అలవాటైన జనం. టైర్లు తట్టారు. రేకు టంగ్ మంది. కుడి ముందు చక్రం పైరేకు ఇప్పటికీ మోగదు. అక్కడ పోశం ఒక్క క్షణం చెయ్యి ఆనించి ముందుకు నడిచాడు. ముప్పై ఒక్క ఏళ్ళు నిచ్చెన ఎక్కి కూర్చున్న మనిషి, బావిలోకి దిగినట్టు, ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో సీతారాం భుజం పట్టుకొని సీటులోకి దిగాడు. పక్కన సత్తమ్మ దిగింది.

"రెండే సీట్లాయె" అన్నారెవరో, జాలిగా.

"మేము ఇద్దరమే ఉన్నం గదా" అంది సత్తమ్మ.

ఇంజను పులిలా గురగురమంది. పిల్లలు కేక పెట్టారు. ముసలివాళ్ళు వెనక్కి జరిగారు. పోశం రెండు హారన్లు కొట్టాడు. సీతారాం ఇంట్లో మధ్యాహ్నం భోజనం. దారంతా కొత్త తారు, నాలుగు వరసల రోడ్డు, ఎదురుగా ఆదివారపు ఖాళీ.

చంద్రపూర్ నుంచి భద్రావతి సుమారు ఇరవై ఆరు కిలోమీటర్లు. ముల్లు పాతిక దాటకుండా, ఆ రోజు వాళ్ళకు గంటా పది నిమిషాలు పట్టింది.